గడప దాకా పోయి వచ్చిన నరసమ్మకు ఊపిరి మిషను

నంద్యాల,
ఆదివారం సాయంత్రం.

జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,
ఆళ్లగడ్డ వాస్తవ్యుడు, శనగ రైతు చెన్నకేశవులు నంద్యాలలోని ఒక ఆసుపత్రి వరండా నుంచి రాయించుకొనుచున్న అర్జీ.

అయ్యా,

(తమరు బదిలీ అయినారనీ, తమ కుర్చీలోకి ఒక అమ్మగారు వచ్చినారనీ ఇక్కడ ఎవరో అంటున్నారు. కనుక్కొనే తీరిక లేదు. అమ్మగారే అయిన పక్షంలో పై మాటను 'అమ్మా' అని చదువుకోగలరు.)

విషయం: నా భార్య నరసమ్మకు వెంటిలేటరు అనబడు ఊపిరి మిషను ఒకటి, జిల్లాలో ఎక్కడ ఖాళీగా ఉన్నా సరే, తక్షణం ఇప్పించుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేయునది ఏమనగా, ఈ అర్జీ నేను నా చేత్తో రాయడం లేదు. నా రెండు చేతులూ అంబు బ్యాగు మీద ఉన్నవి. అంబు బ్యాగు అంటే రబ్బరు సంచి. దానిని నొక్కితే నా భార్య గొంతులో పెట్టిన గొట్టం గుండా గాలి లోపలికి పోతుంది. వదిలితే బయటికి వస్తుంది. మిషను చేయవలసిన ఈ పనిని నిన్నటి నుంచి నేనూ, ఆమె తమ్ముడు వెంకటేషూ, మా కూతురు వాణీ వంతులు వేసుకొని చేస్తున్నాము. ఇప్పుడు వంతు నాది. నేను చెప్తుంటే వాణి రాస్తున్నది. రేపు సోమవారం తమరు అర్జీలు తీసుకొను దినము గనుక, తెల్లవారగానే వెంకటేషు దీనిని పట్టుకొని వచ్చి వరుసలో నిలబడగలడు.

ఇంకొక్క మనవి. ఎంత వేగంగా నొక్కాలని అడిగితే ఇక్కడి డాక్టరమ్మ వినీత గారు, "పెద్దాయనా, నువ్వు మామూలుగా ఊపిరి తీసుకుంటావు గదా, దానితో సమంగా నొక్కు" అన్నారు. నాకు కోపమొస్తే ఊపిరి జోరవుతుంది. ఊపిరి జోరైతే నొక్కుడు జోరవుతుంది. అది ఆమెకు మంచిది కాదని నర్సు జెస్సీ ఇప్పటికే నన్ను మందలించింది. కావున ఈ అర్జీలో కోపం ఉండరాదు. కోపం తప్పనిసరి అయిన చోట బ్యాగు వెంకటేషు చేతికిచ్చి, కోపపడి, మళ్లీ తీసుకుంటాను.

కష్టములు ఈ దిగువ మనవి చేసుకొంటున్నాను.

1. వానలు పడినా ఉక్క తగ్గలేదు. వారం కింద ఒక రాత్రి నరసమ్మ మంచం వద్దని వసారాలో బండల మీద పండుకొన్నది. తెల్లవారి లేచి, "కడుపులో తిప్పుతాందప్పా" అన్నది. కంటి రెప్పలు వాలిపోతుంటే నిద్ర చాల్లేదనుకొన్నాను. కాఫీ ఇస్తే మింగలేక ముక్కులోంచి వచ్చింది. ఆళ్లగడ్డలో సూదులేసే ఆయన ఒకడు గ్యాసు అని సూది వేసినాడు. మధ్యాహ్నానికి మాట ముద్దయింది, మెడ నిలబడలేదు. కారు మాట్లాడుకొని నంద్యాలకు బయలుదేరితే శిరివెళ్ల దాటేసరికి ఊపిరి ఎగబట్టింది. పాము అనే మాట మా నోట రాలేదు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. కరిచిన సంగతి కరిపించుకొన్న మనిషికే తెలియదు, మాకెట్లా తెలుస్తుంది?

2. మొదట చేర్చినది ఒక ప్రైవేటు ఆసుపత్రి. సదరు ఆసుపత్రి పేరు ఇక్కడ రాయించడం లేదు. ఆ పేరు పలికితే నా ఊపిరి జోరవుతుంది. అక్కడ ఐసీయూలో పెట్టి, గొంతులో గొట్టం వేసి, మిషనుకు తగిలించినారు. ఆ మేరకు వాళ్లు ఆమె ప్రాణం నిలబెట్టినారు. ఆ మాట కూడా రికార్డులో ఉండవలెను.

ఐసీయూకు పెద్ద డాక్టరు హైదరాబాదులో ఉంటారు. ఇక్కడ చక్రాల బండి మీద ఒక టీవీ ఉంటుంది. దానిని మంచాల మధ్య తోసుకొని వస్తే ఆయన అందులోంచి చూస్తారు. ఇట్లా ఎన్నో ఊళ్ల మంచాలు ఆయన ఒక్కరే చూడవలెనట. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు, మనిషి మర్యాదస్తుడు. నేను నమస్కారం పెడితే ఆయనా పెట్టబోయినాడు, అంతలో బొమ్మ ఆగిపోయింది. ఇక్కడి చిన్న డాక్టరు నరసమ్మ కంట్లో టార్చి వేసినాడు. కంటి పాప చిన్నది కాలేదు. గిల్లినాడు. కదల్లేదు. తలకు తీసిన ఫోటోలో ఏ తేడా లేదన్నారు. ఏ తేడా లేకపోయినా, "బ్రెయిన్ పనిచేస్తున్నట్టు లేదు" అన్నారు. ఫోటోలో బాగున్న మెదడు మనిషిలో ఎట్లా చెడిందని అడిగినాను. టీవీలో మాట తెగిపోయింది.

లోపలికి ఇంటివాళ్లను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ముఖం చూసి రావడానికి మాత్రం వదిలేవారు. మెడ దాకా దుప్పటి కప్పి ఉండేది. కాళ్ల వైపు ఎవరమూ చూడలేదు. కాళ్ల వైపు ఎందుకు చూడాలో క్రింద అయిదవ అంశంలో వస్తుంది. మిషన్లు ఎప్పుడూ కూస్తుండేవి. ఎవరూ తల తిప్పేవారు కారు. అడిగితే, "అవి ఎప్పుడూ కూస్తూనే ఉంటాయి" అన్నారు. ఎప్పుడూ కూసే దానిని పెట్టడమెందుకో తమరైనా కనుక్కోగలరు.

3. రోజూ ఆ చిన్న డాక్టరు నన్ను తలుపు దగ్గరికి పిలిచి, "మిషను మీద ఉంచుతారా, ఇంటికి తీసుకుపోతారా? మీ నిర్ణయం ఏమిటి?" అని అడిగేవాడు.

"బతుకుతాదా సార్?" అన్నాను.

"చెప్పలేం."

"సచ్చిపోతాదా?"

"అదీ చెప్పలేం."

"మరి మీరేమంటారు?"

"మేమేమీ అనకూడదు. ఫ్యామిలీయే డిసైడ్ చేయాలి. మీరు ఆలోచించుకోండి."

అయ్యా, ఏ పదునుకు శనగ విత్తాలో నేను నిర్ణయించగలను. ఏ ఎద్దు అమ్మాలో నిర్ణయించగలను. ఊపిరి సంగతి చదువుకొన్నవాళ్లు చెప్పలేమని చేతులెత్తేసి, నిర్ణయం మాత్రం నన్ను చేయమంటే నేను దేనిని చూసి చేయవలెను? తెలియదని చెప్పడం తప్పు కాదు. తెలియని దానిని నా నెత్తిన పెట్టి, దానికి నిర్ణయం అని పేరు పెట్టడం తప్పు. (ఈ అంశం చెప్పేటప్పుడు బ్యాగు వెంకటేషు చేతిలో ఉన్నది.)

4. మా వైపు ఒక ఆచారం ఉన్నది. తమరిది ఏ వైపో తెలియదు గనుక వివరంగా మనవి చేస్తున్నాను. బయట పోయిన మనిషిని గడప లోపలికి తేరు. వీధిలోనే పడుకోబెట్టి, స్నానమూ అక్కడే పోయించి, అక్కడి నుంచే ఎత్తుకొని పోతారు. అందుకని ఇక లాభం లేదన్న మనిషిని ఊపిరి ఉండగానే ఇల్లు చేరుస్తారు. మా పెద్దమ్మ ఫోనులో ఏడుస్తూ ఒకటే మాట అన్నది. "ఊపిరుండంగానే గడప దాటియ్యల్లరా కేశవా. సచ్చినంక తెస్తే దాన్ని బజార్లో పండబెడతావా? ఆ గడపకు దినామూ పసుపు రాసింది అదే గదరా."

ఆ మాటకు నేను పడిపోయినాను. నరసమ్మ ఇటుకలు మోసి కట్టించుకొన్న ఇల్లది. మంచం దగ్గరికి పోయి ఆమె చెవిలో, "ఇంటికి పోదాం పా మే" అని చెప్పినాను. తర్వాత సంతకం పెట్టినాను.

సంతకం పెట్టగానే సదరు ఆసుపత్రిలో అందరికీ చురుకు వచ్చింది. అంతవరకు పని చేయని లిఫ్టు పని చేసింది. కాగితంలో, "రోగి బంధువుల కోరిక మేరకు, వారి ఇష్టపూర్వకముగా" అని ఉన్నది. రోగి కోరిక అనే గడి అందులో లేదు. నాకూ అప్పుడు తోచలేదు.

5. అంబులెన్సులో ఒక మనిషి బ్యాగు నొక్కుతూ వచ్చినాడు. "ఇల్లు జేరినంక గొట్టం తీసేస్తే ఐపాయె, ఎక్కువసేపు పట్టదులేన్నా" అని నాకు ధైర్యం చెప్పినాడు. మంచివాడే. ఆళ్లగడ్డలో మేము చేరేసరికి వాకిట్లో షామియానా వేసి ఉన్నది, కుర్చీలు వచ్చి ఉన్నవి. నరసమ్మను గడప దాటించి నట్టింట్లో చాప మీద పడుకోబెట్టినాము. వీధిలోని వాళ్లంతా చూసి, "పుణ్యాత్మురాలు, ఇల్లు జేరె" అన్నారు.

కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టడం ప్రాణం పోయిన తర్వాత చేసే పని. మా పెద్దమ్మకు అన్నిటా తొందర. గొట్టం ఇంకా తీయకముందే దారం తెచ్చి, "తరువాత బిగుసుకపోతే ఇబ్బందిరా" అని కట్టేసింది. కుడి బొటనవేలు ముడిలోంచి జారి బయటికొచ్చింది. "ముడి వదులైనట్టుంది" అని మళ్లీ కట్టింది. సదరు బొటనవేలు మళ్లీ బయటికొచ్చింది. ఈసారి అందరమూ చూసినాము. పెద్దమ్మ దారం వదిలేసి, అరుచుకొంటూ పెరట్లోకి పోయింది.

అంబులెన్సు మనిషి అప్పటికే నరసమ్మ మూతి మీద ప్లాస్టరు సగం ఊడబెరికి ఉన్నాడు.

వాణి కాళ్ల దగ్గర కూర్చొని, "అమ్మా, నేను వాణిని. ఇనపడ్తాంటే ఏలు కదిలించు" అన్నది. వేలు కదిలింది. "ఇంకోసారి" అన్నది. మళ్లీ కదిలింది. ప్లాస్టరు మళ్లీ అతికించమని నేను అరిచిన అరుపు వీధి చివరి దాకా వినపడిందని తర్వాత చెప్పినారు. ఆమెను ఎత్తి అంబులెన్సులో పెడుతుంటే షామియానా ఆయన వెంటబడి, "అన్నా, ఇప్పాల్నా, ఉంచాల్నా?" అని అడిగినాడు. ఏమి చెప్పినానో గుర్తు లేదు.

6. (బ్యాగు వెంకటేషుకు ఇవ్వడమైనది.) వెనక్కి అదే ఆసుపత్రికి వచ్చినాము. గేటు లోపలికి బండిని రానివ్వలేదు. "అది డిశ్చార్జి అయిన కేసు" అన్నారు. కదిలిన వేలిని చూడమన్నాను. చూడటానికి బయటికి రావలె, బయటికి రావడానికి వాళ్లకు కుదరలేదు. మంచం ఇంకొకరికి ఇచ్చేసినారట. నా సంతకం ఉన్న కాగితం తెచ్చి నాకే చూపించినారు. "మీ ఇష్టపూర్వకంగానే గదా తీసుకుపోయింది?" అన్నారు. అయ్యా, ప్రాణం పోయిన మనిషిని లోపలికి రానియ్యని గడప మా ఇంటికి ఉన్నది. ప్రాణం ఉన్న మనిషిని లోపలికి రానియ్యని గడప నేను ఆ దినమే చూసినాను. మాది ఆచారం. వాళ్లది ఏమిటో కనుక్కోవలెను.

ఇప్పుడే ఇక్కడ జెస్సీ నీళ్లిచ్చి, "తాగు నాయనా, ఆమె యాడికీ పోలే" అన్నది. తాగినాను. బ్యాగు మళ్లీ నా చేతిలో ఉన్నది.

7. అక్కడి నుంచి ఈ ఆసుపత్రికి వచ్చినాము. ఇది ధర్మాసుపత్రి. వినీత గారు స్ట్రెచరు దగ్గరికి తానే నడిచి వచ్చి, నరసమ్మ రెప్పలు వేళ్లతో పైకెత్తి, "నరసమ్మా, నా మాట వినిపిస్తే వేలు కదిలించు" అన్నారు. కదిలింది. ఇంట్లో ఎక్కడ పండుకొన్నదీ, పొద్దున లేచి ఏమన్నదీ అడిగినారు. నేను చెప్తుండగానే, "కట్లపాము" అన్నారు. ఆ పాము కోర సన్నమట, నిద్రలో కరిస్తే దోమ కుట్టినంత కూడా తెలియదట. దాని విషానికి కండలన్నీ పడిపోతాయి, ఒక్కొక్కరికి కాలివేలి కొస మాత్రం మిగులుతుందట. రెప్ప లేవదు, కంటి పాప కదలదు, ఊపిరి ఆడదు. చూసేవాళ్లకు మెదడు పోయినట్టే ఉంటుంది. మెదడుకు మాత్రం ఏమీ కాదు. అన్నీ వినపడుతుంటాయి.

"మెదడు పోయిందని తేల్చే ముందు ఇట్లాంటి విషం ఏదన్నా ఉందా అని చూసుకోవాలి, పెద్దాయనా. పద్ధతిలో మొదటి మాటే అది" అన్నారామె. తర్వాత గొంతు తగ్గించి, "నేనైనా ఒక్కో రోజు మొదటి మాట మర్చిపోతానేమో. ఈ అంతస్తు మొత్తానికి నేను ఒక్కదాన్నే" అన్నారు. ఆ మాట చెప్పినందుకు ఆమె మీద నాకు గురి కుదిరింది.

విషానికి విరుగుడు ఎక్కించినారు. అయితే పడిపోయిన కండలు లేవడానికి దినాలు పట్టును, వారాలైనా పట్టును. అంతదాకా ఊపిరి అందిస్తే లేచి నడుస్తుందని, ఇంటికి పోయి పొయ్యి అంటించుకొంటుందని వినీత గారు చెప్పినారు. అందించడానికి మిషను లేదు. ఉన్నవాటి మీద మనుషులు ఉన్నారు. ఒకటి మాత్రం మూలన గుడ్డ కప్పుకొని ఉన్నది. ఏదో చిన్న భాగం పోయిందట, రావలెనట. ఎప్పుడు రావలెనో రాసుకొన్నవారు లేరు. కర్నూలుకు పంపుదామంటే, ఖాళీ ఉన్నదని ఖాయంగా తెలియకుండా రోడ్డు మీద ఎక్కించడానికి ఆమెకు ధైర్యం చాలడం లేదు. నాకూ చాలడం లేదు. ఒకసారి బండి ఎక్కించి చూసినాను.

8. ఈ అంశం కష్టముల కింద వస్తుందో రాదో తెలియదు. నరసమ్మకు మొదటి నుంచి అన్నీ వినపడినవి. వాణి అడిగి తెలుసుకొన్నది. మెదడు పోయిందన్నది వినపడింది. టార్చి వేసినది తెలిసింది. గిల్లినది తెలిసింది, నొప్పి పుట్టింది. ఇంట్లో చాప మీద ఉండగా మా పెద్దమ్మ, "పాడి బర్రెను నేను తోలకపోతాలే, వీనికి పాలు పిండేది రాదు" అని ఎవరితోనో అన్నది కూడా వినపడింది. నిన్న పెద్దమ్మ చూడవచ్చి, "నరసమ్మా, నేనే, ఏలు కదిలించమ్మా" అని ఎంత బతిమాలినా ఆ వేలు కదల్లేదు. పెద్దమ్మ భయపడి బయటికి పోగానే వాణి అడిగితే కదిలింది. నిన్నటి నుంచి మేము నవ్వినది ఆ ఒక్కసారే.

"నాయన ఇంటికి పోదామన్నప్పుడు ఇనపడిందామ్మా?" అని వాణి అడిగింది. కదిలింది. ఆ తర్వాతి ప్రశ్న నేను అడగనియ్యలేదు.

9. ఇప్పుడే తెలిసినది. మూడవ మంచం మీది మిషను ఈ పొద్దే ఖాళీ కావచ్చునని జెస్సీ వచ్చి చెప్పింది. ఖాళీ అయితే అది నరసమ్మకే ఇస్తామని వినీత గారు అన్నారట. అది జరిగిన పక్షంలో ఈ అర్జీని తమరు చించివేయవచ్చును, నాకు అభ్యంతరం లేదు.

కావున తమరు దయతలచి, ఒక్క ఫోను చేసి, జిల్లాలో పని చేసే మిషను ఏ మూల ఉన్నా, దానిని నడిపే మనిషితో సహా ఇప్పించ ప్రార్థన. మిషను ఉండి మనిషి లేకపోతే అది గుడ్డ కప్పుకొన్న ఇంకో మిషను అవుతుంది. తీరిక ఉంటే ఇంకొకటి కూడా చేయించగలరు. ఐసీయూలో ఇంటి మనిషిని ఒకరిని కాళ్ల దగ్గర కూర్చోనివ్వమని చెప్పగలరు. మేము వైద్యానికి అడ్డం రాము. ఊరికే కూర్చొని చూస్తుంటాము. చూసేవాళ్లు లేకనే గదా ఇంత దూరం వచ్చింది.

చిత్తగించవలెను. తమరు చిత్తగించు వరకు మేము నొక్కుచుందుము.

ఇట్లు
తమ విధేయుడు
చెన్నకేశవులు

తా.క.: పై అర్జీని మడిచి కవరులో పెట్టిన తర్వాత మళ్లీ తీయించినాను. తొమ్మిదవ అంశం మారింది.

మూడవ మంచం మీద ఉన్నది కోయిలకుంట్ల పెద్దాయన. ఊపిరితిత్తులు చెడి వచ్చినాడు. కొడుకు పేరు శ్రీకాంత్, నాకన్నా చాలా చిన్నవాడు. బతుకుతాడా అని అతను అడిగితే వినీత గారు, "నాకు తెలియదు. ఇంకో రెండు రోజులు చూస్తే ఏమన్నా చెప్పగలనేమో" అన్నారట. ఊరి నుంచి వాళ్లవాళ్ల ఫోన్లు ఆగడం లేదు. ఊపిరుండగానే తీసుకొని రమ్మని. అతను కాగితం రాసి చొక్కా జేబులో పెట్టుకొని, సంతకం పెట్టే ముందు నా దగ్గరికి వచ్చినాడు.

"అన్నా, మీరు గడప దాకా పోయి వచ్చినోళ్లంట గదా. నాకు తెలీక అడుగుతాండా. గొట్టం యాడ తీయల్ల? గడప దాటినంకనా, దాటకముందా?"

అయ్యా, దానికి నా దగ్గర జవాబు ఉన్నది. "దాటినంక." అంతే. ఆ ఒక్క మాట అనేస్తే అతను పోతాడు, మంచం వస్తుంది, నా చేతులు ఖాళీ అవుతాయి. వెంకటేషు నా భుజం పట్టుకొని చెవిలో, "బావా, మన పని మనం సూసుకుందాం. ఆయప్ప ఎట్లాగూ బతకడు" అన్నాడు. బతకడని వెంకటేషుకు ఎట్లా తెలుసు? నరసమ్మ బతకదని కూడా వెంకటేషే అన్నాడు. నేనూ అన్నాను.

శ్రీకాంత్‌ను రవ్వంతసేపు బయట కూర్చోమన్నాను. తర్వాత జరిగినది తమరు నమ్మినా సరే, నమ్మకపోయినా సరే. ఈ మిషను నాకు కాదు, ఆమెకు. అడగాల్సింది ఆమెనే అని ఇన్ని దినాలకు మొదటిసారి తోచింది. బ్యాగు నొక్కుతూనే ఆమె చెవి దగ్గర వంగినాను. వాణి కాళ్ల దగ్గర కూర్చొన్నది.

"మే, నరసమ్మా. ఈడ ఒక పిల్లోడు వాళ్ల నాయనను ఇంటికి తీసకపోతా అంటాండాడు. తీసకపోతే ఆ మిషను నీకొస్తాది. ఉండమని సెప్తే రాదు. ఏం జేయమంటావు? ఉండమని సెప్పాల్నా?"

వేలు కదల్లేదు. చాలాసేపు కదల్లేదు. నాకు లోపల ప్రాణం లేచి వచ్చింది, ఆ సంతోషాన్ని దాచిపెట్టి తమకు అబద్ధం రాయించలేను. అంతలో వాణి, "కదిలింది నాయనా" అన్నది.

వెంకటేషు ఒప్పుకోలేదు. "అక్కకు సరిగ్గా అర్థం గాలేదు, నేను అడుగుతా" అని కిందికి వంగి, "అక్కా, ఊరికే ఉండాల్నా? వాళ్ల సంగతి మనకెందుకు గదా?" అన్నాడు. కదల్లేదు. ఎంతసేపు చూసినా కదల్లేదు. "సెప్పాల్నా?" అని ఏడుస్తూ అడిగినాడు. కదిలింది.

నన్ను అడిగి ఉంటే చెప్పొద్దనేవాడిని. ఈ మాట తమ రికార్డులో ఉండవలెను. ఆమె మంచిది. నేను కాదు.

శ్రీకాంత్‌ను పిలిచి చెప్పినాను. "తమ్ముడా, యాడికీ తీసకపోవద్దు. గొట్టం సంగతి నన్ను అడగొద్దు. పోయి మీ నాయన మీద దుప్పటి తీసి కాళ్ల కాడ కూర్చో. నాయనా అని పిలువు. ఇంతే నాకు తెలిసింది." అతను పోయినాడు. చానాసేపటికి వచ్చి, "కదిలినట్టే ఉందన్నా. ఫ్యాను గాలికో ఏమో తెలీలే" అన్నాడు. వినీత గారు వచ్చి చూసి, ఈ జబ్బులో వేలు కదిలినా కదలకపోయినా అర్థం ఏమీ ఉండదన్నారు. నిద్రమందు తగ్గించి రేపు మళ్లీ చూస్తామన్నారు. శ్రీకాంత్ జేబులోని కాగితం చించేసినాడు. ఇప్పుడు మంచం పక్కన బండల మీద కూర్చొని, వాళ్ల నాయనకు ఊరి కబుర్లన్నీ చెప్తున్నాడు. ఇక్కడికి వినపడుతున్నది.

ఆ పెద్దాయన రేపు పోవచ్చు. పోతే మేము వదులుకొన్నది ఎవరికీ పనికి రాకుండా పోయినట్టే. బతకవచ్చు కూడా. తెలియదు. తెలియదనే మాట మీద నిలబడి ఇక్కడ అందరమూ నొక్కుతున్నాము.

కావున తొమ్మిదవ అంశం రద్దు. మూడవ మంచం ఖాళీ కాలేదు. దయచేసి అర్జీని చించవద్దు. విషయం మొదట రాసినది రాసినట్టే ఉన్నది.

మొదటి ఆసుపత్రి కాగితంలో నరసమ్మ సంతకానికి చోటు లేకపోయింది. ఇందులో చోటు పెట్టినాము. వాణి అర్జీ మొత్తం ఆమెకు చదివి వినిపించింది. బర్రె సంగతి తీసేయాల్నా అంటే కదల్లేదు, అందుకని ఉంచినాము. ముద్ర వేయమంటావా అంటే కదిలింది. స్టాంపు ప్యాడు జెస్సీ తెచ్చింది.

చెన్నకేశవులు
(చేతులు ఖాళీ లేనందున కూతురు వాణి చేవ్రాలు)

నరసమ్మ
(కుడి కాలి బొటనవేలి నిశాని. ముద్ర కొంచెం చెదిరినది. వేస్తుండగా వేలు కదిలింది.)